కోర్ టెంపరేచర్ ఒకటి 71 అంటోంది, ఒకటి 49 అంటోంది, ఇంకోటి 127 అంటోంది. దేన్ని నమ్మాలి?

ఆల్బమ్_డిజైనర్_నపేట
మాది నరసన్నపేటలో ఫోటో స్టూడియో. పెళ్లి ఆల్బమ్‌లు, వీడియో ఎడిటింగ్ అన్నీ ఒక్క కంప్యూటర్ మీదే. ఐ5-4590 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. పది రోజుల నుంచి వీడియో ఎక్స్‌పోర్ట్ పెడితే మొదటి ఐదు నిమిషాలు బాగానే నడిచి, తర్వాత నత్తలా అయిపోతోంది. ఇదివరకు నలభై నిమిషాల్లో అయ్యేది ఇప్పుడు గంటన్నర పడుతోంది.

వేడెక్కుతోందేమో అని మూడు సాఫ్ట్‌వేర్లు వేసి చూశాను. ఏ పనీ చేయనప్పుడు కోర్‌టెంప్ 71 చూపిస్తోంది. మదర్‌బోర్డు సీడీలో వచ్చిన సాఫ్ట్‌వేర్ 49 అంటోంది. ఫ్యాన్ స్పీడు మార్చే పాత సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది, అది ఒక లైన్లో 50, కింది లైన్లో 127 చూపించి పక్కన మంట బొమ్మ వేస్తోంది. మూడూ ఒకేసారి తెరిచి పక్కపక్కన పెట్టే చూశాను.

మెకానిక్ వచ్చి ఆ 127 చూసి బోర్డు పోయింది, మార్చాల్సిందే, ఏడు వేలు అవుతుంది అన్నాడు. వైశాఖం ముహూర్తాల ఆల్బమ్‌లు పదకొండు చేతిలో ఉన్నాయి. ఒకటే టెన్షన్. నీళ్లే వంద దగ్గర మరుగుతాయి కదా, 127 ఉంటే బోర్డు ఇంకా ఎలా పనిచేస్తోంది? అసలు నిజం ఏది?

గంటస్తంభం_కుర్రోడు
అన్నా, ముందు ఆపేయ్. 127 అంటే చిన్న విషయం కాదు.

సర్వీస్_బెంచి
ఆపక్కర్లేదు. 127 అన్నది టెంపరేచర్ కాదు.

బోర్డు మీద ఫ్యాన్లు, వోల్టేజీలు, టెంపరేచర్లు చూసుకునే చిన్న చిప్ ఒకటి ఉంటుంది. సూపర్ ఐఓ అంటారు. దానికి మూడు నాలుగు టెంపరేచర్ ఇన్‌పుట్‌లు ఉంటాయి. బోర్డు తయారుచేసినవాళ్లు అన్నిటికీ సెన్సర్ తగిలించరు. ఏమీ తగిలించని ఇన్‌పుట్‌ని సాఫ్ట్‌వేర్ చదివితే అర్థం లేని అంకె వస్తుంది. ఎనిమిది బిట్లలో ప్లస్, మైనస్ రెండూ రాసుకునే పద్ధతిలో గరిష్ఠ సంఖ్య 127, అటువైపు చివర మైనస్ 128. అందుకే ఈ రెండు అంకెలూ ఎక్కువగా కనిపిస్తాయి. విజయనగరంలో నా బెంచి మీదకి వచ్చే పాత బోర్డుల్లో ఇది తరచూ చూస్తాను.

తేల్చుకోవడం తేలిక. పది నిమిషాలు బరువైన పని పెట్టి ఆ 127 వైపే చూడు. నిజమైన సెన్సర్ అయితే కదులుతుంది. కదలకపోతే అక్కడ సెన్సరే లేదు.

ఆల్బమ్_డిజైనర్_నపేట
కదలట్లేదు. ఇవాళ పొద్దున ఆన్ చేసిన నిమిషానికే 127. ఎక్స్‌పోర్ట్ మధ్యలో 127. ఆపేశాక కూడా 127.

సర్వీస్_బెంచి
అయితే దాన్ని వదిలేయ్. బోర్డు మాత్రం మార్చొద్దు.

రాజాం_అక్క
ఏడు వేలు మిగిలాయి తమ్ముడూ. నాకు ఇలాంటిదే వోల్టేజీ విషయంలో జరిగింది. నాది ట్యూషన్ సెంటర్. సాఫ్ట్‌వేర్లో 12 వోల్టుల లైను 7.9 చూపిస్తోందని, ఎస్ఎంపీఎస్, అదే లోపల కరెంటు అందించే డబ్బా, పోయిందని ఒక షాపువాళ్లు చెప్పారు. డబ్బు కట్టబోతుంటే మా మరిది మల్టీమీటర్ తెచ్చి పసుపు వైరుకీ నల్ల వైరుకీ మధ్య పెట్టాడు. 12.08 వచ్చింది. ఈ లైను 11.4 నుంచి 12.6 వరకు ఉండొచ్చట, అంటే అటూ ఇటూ ఐదు శాతం. అయినా నిజంగా 7.9 వోల్టులే వస్తుంటే కంప్యూటర్ ఆన్ కూడా అవ్వదు కదా. ఆ మాట నాకు ముందే తట్టలేదు, షాపులోనూ ఎవరూ అనలేదు.

కళింగపట్నం_గాలి
ఈ సాఫ్ట్‌వేర్లన్నీ ఊహించి చెప్పేవే. 127 తప్పైతే 71 ఒప్పని ఎవరు చెప్పారు? నేను ఒక్కటీ నమ్మను. తాకకుండా వేడి కొలిచే ఐఆర్ గన్ కొన్నాను, ప్రాసెసర్ మీద వేడి లాగే లోహపు దిమ్మ ఉంటుంది కదా, ఆ హీట్‌సింక్ మీద పెట్టి నొక్కితే నిజం తెలిసిపోతుంది. నా కంప్యూటర్లో సాఫ్ట్‌వేర్ 68 అంటే గన్ 39 చూపించింది. చేత్తో ముట్టుకున్నా గోరువెచ్చగానే ఉంది.

ఎలక్ట్రానిక్స్_మాస్టారు
కళింగపట్నం బాబూ, మీ గన్ చెప్పిందే నమ్మడానికి లేదు. ఇంట్లో ఒక చిన్న పని చేసి చూడండి. మెరిసే స్టీలు గిన్నెలో నీళ్లు మరిగించి, గిన్నె పక్కకి గన్ పెట్టండి. వందకి దరిదాపుల్లో కూడా రాదు. మెరిసే లోహం తన వేడిని కిరణాల రూపంలో చాలా తక్కువగా వదులుతుంది, పైగా చుట్టూ ఉన్న గోడలనీ మీ చేతినీ అద్దంలా ప్రతిఫలిస్తుంది. ఆ గిన్నెకే నల్ల ఇన్సులేషన్ టేపు చిన్న ముక్క అంటించి, ఒక నిమిషం ఆగి, టేపు మీద చూడండి. 90 పైన వస్తుంది. మీ హీట్‌సింక్ కూడా మెరిసే అల్యూమినియమే.

రెండో సంగతి. గన్ సరిగ్గా చెప్పినా అది హీట్‌సింక్ పైభాగం వేడి. ప్రాసెసర్ లోపల వేడి పుట్టే చోటు గోరంత ఉంటుంది. అక్కడి నుంచి చిప్ మీది మూత, మూతకీ హీట్‌సింక్‌కీ మధ్య రాసే పేస్టు, హీట్‌సింక్ లోహం దాటుకుని రావాలి. పేస్టు ఎండిపోతే వేడి పైకి రాదు. లోపల మండుతుంటుంది, పైన గోరువెచ్చగా ఉంటుంది. మీ 68కీ 39కీ తేడా అందుకే కావచ్చు. సాఫ్ట్‌వేర్ తప్పని అప్పుడే తేల్చేయకండి.

ఆమదాలవలస_ప్యాసింజర్
కరోనా టైంలో కొన్న జ్వరం చూసే గన్ మా ఇంట్లో ఉంది. పనికొస్తుందా మాస్టారూ?

ఎలక్ట్రానిక్స్_మాస్టారు
పనికిరాదు. అది మనిషి ఒంటి వేడి కోసం చేసినది. 43 దాటితే చాలావరకు హై అని రాసి ఊరుకుంటుంది.

కళింగపట్నం_గాలి
గిన్నె పరీక్ష చేశాను. మెరిసే చోట 46, టేపు మీద 93. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ మాస్టారూ, సాఫ్ట్‌వేర్ 71 అంటే నిజంగా 71 అనేనా? ఆ ప్రశ్న అలాగే ఉంది.

ఎలక్ట్రానిక్స్_మాస్టారు
అసలైన ప్రశ్న అడిగారు. కొంచెం వివరంగా రాస్తాను.

ఇంటెల్ ప్రాసెసర్లలో ప్రతి కోర్ దగ్గరా, అంటే లెక్కలు చేసే ప్రతి భాగం దగ్గరా, ఒక డిజిటల్ సెన్సర్ ఉంటుంది. అది "ఇప్పుడు 71 డిగ్రీలు" అని చెప్పదు. "నా హద్దుకి ఇంకా 29 డిగ్రీల దూరంలో ఉన్నాను" అని చెబుతుంది. ఆ హద్దుని టీజేమ్యాక్స్ అంటారు. సాఫ్ట్‌వేర్ హద్దులోంచి ఈ దూరాన్ని తీసేసి 71 అని తెర మీద వేస్తుంది. హద్దు 100 అయితే 71 సరైనదే. సాఫ్ట్‌వేర్ హద్దుని 105 అనుకుంటే అదే సెన్సర్‌కి 76 చూపిస్తుంది, 95 అనుకుంటే 66 చూపిస్తుంది. సెన్సర్ చెప్పిన మాట మాత్రం మూడుసార్లూ ఒకటే.

ఇంటెల్ పాత "కోర్ 2" ప్రాసెసర్ల కాలంలో ఈ గొడవే జరిగింది. డెస్క్‌టాప్ చిప్‌ల హద్దుని ఇంటెల్ బయటపెట్టలేదు. ఒక సాఫ్ట్‌వేర్ 105 అనుకుంది, ఇంకొకటి 95 అనుకుంది. ఒకే కంప్యూటర్లో పది డిగ్రీల తేడా వచ్చి జనం తగువులాడుకున్నారు. 2008లో ఇంటెల్ ఆ లెక్కలు చెప్పింది, ఈ8400 అనే మోడల్ లాంటి వాటికి 100 అని. అదే ఏడాది వచ్చిన మొదటి కోర్ ఐ7 నుంచి ఆ హద్దుని చిప్‌లోనే రాసిపెడుతున్నారు, సాఫ్ట్‌వేర్ చదువుకుంటుంది. మన నరసన్నపేట అబ్బాయిది ఐ5-4590 కాబట్టి ఊహ అవసరం లేదు, హద్దు 100.

ఇక ఎంత కచ్చితం అంటారా. ఈ సెన్సర్ పెట్టిందే హద్దు దగ్గర చిప్‌ని కాపాడటానికి. అందుకని హద్దుకి దగ్గరగా ఉన్నప్పుడు బాగా నమ్మొచ్చు. చల్లగా ఉన్నప్పుడు కొన్ని డిగ్రీలు అటూ ఇటూ పోతుంది. ధాన్యం బస్తాలు తూచే కాటా మీద యాలకులు తూస్తే ఎలా ఉంటుందో అలా. బస్తాకి ఆ కాటా మంచిదే. నాలుగు కోర్లలో ఒకటి 38, ఇంకొకటి 44 చూపిస్తే కంగారు పడకండి, సెన్సర్ల మధ్య ఆ మాత్రం తేడా ఉంటుంది. 45 నానోమీటర్ల పద్ధతిలో చేసిన "కోర్ 2" చిప్‌లలో అయితే కొన్ని సెన్సర్లు కింద ఒక అంకె దగ్గర ఇరుక్కుపోయి ఇంకా దిగేవే కావు.

పలాస_జీడిచెట్టు
మాస్టారి మాటకి నా దగ్గర సాక్ష్యం ఉంది. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ ఆఫీసులో అకౌంట్స్ రాస్తాను. అక్కడ ఏఎండీ ఎఫ్ఎక్స్ ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్ ఉంది. మే నెల, గది గోడకి ఉన్న థర్మామీటర్ 35 చూపిస్తోంది. ప్రాసెసర్ టెంపరేచర్ 14. ఫ్యాన్ గాలితో చల్లబడే వస్తువు గదికన్నా 21 డిగ్రీలు చల్లగా ఎలా ఉంటుంది? నేను చాలా రోజులు ఫోన్‌లో ఫోటో తీసి అందరికీ చూపించాను, ఎవరూ నమ్మలేదు.

గంటస్తంభం_కుర్రోడు
అలాంటి ప్రాసెసర్ పక్కన కుండ పెట్టుకుంటే ఎండాకాలం మొత్తం చల్లని నీళ్లే అన్నా!

లినక్స్_బొబ్బిలి
పలాస అన్నా, అది చెడిపోయిన సెన్సర్ కాదు. ఆ ఏఎండీ తరాల్లో ప్రాసెసర్ ఇచ్చేదాన్ని టీకంట్రోల్ అంటారు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టం కెర్నల్‌లో ఈ చిప్‌లని చదివే కే10టెంప్ అనే డ్రైవర్ ఉంది. దాని పత్రంలోనే స్పష్టంగా ఉంటుంది, ఇది భౌతికమైన టెంపరేచర్ కాదు, ఫ్యాన్‌ని ఎంత వేగంగా తిప్పాలో నిర్ణయించడానికి వాడే కొలమానం, డిగ్రీల్లో రాసినా చిప్ వేడికో మూత వేడికో అది సమానం కాదు అని. పైన హద్దు దగ్గరకి వెళ్తే అర్థం ఉంటుంది, కింద ఖాళీగా ఉన్నప్పుడు 14 వచ్చినా 9 వచ్చినా దానికి అర్థం లేదు. పని పెట్టి చూడు, గబగబా పైకి వచ్చి మామూలు అంకెలు చెబుతుంది.

పలాస_జీడిచెట్టు
అవును, టాలీ డేటా బ్యాకప్ తీస్తున్నప్పుడు 50 దాటేది. ఇన్నాళ్లకి అర్థమైంది.

గంటస్తంభం_కుర్రోడు
దీనికి పూర్తి వ్యతిరేకం మా హాస్టల్లో. మా ఫ్రెండ్‌ది ఏఎండీ రైజెన్ 7 1700ఎక్స్ ప్రాసెసర్. పక్క గదిలో మామూలు 1700. రెండిటికీ ఒకే కూలర్. ఎక్స్ ఉన్నది ఎప్పుడూ 20 ఎక్కువ చూపించేది. వాడు మూడుసార్లు పేస్టు మార్చాడు పాపం. తర్వాత తెలిసింది, 1700ఎక్స్, 1800ఎక్స్ రెండిటికీ ఏఎండీయే కావాలని 20 డిగ్రీలు కలిపి రిపోర్ట్ చేయిస్తుందని. అన్ని మోడళ్లకీ ఫ్యాన్ ఒకే పద్ధతిలో తిరగాలని అలా పెట్టారట. 2017లో వాళ్లే చెప్పారు. ఆ 20 తీసేసే సాఫ్ట్‌వేర్ అయితే సరైన అంకె వస్తుంది, తీయనిదైతే ఎక్కువ వస్తుంది.

లినక్స్_బొబ్బిలి
2700ఎక్స్‌కి 10 కలుపుతారు. మొదటి థ్రెడ్‌రిప్పర్ 1950ఎక్స్‌కి 27. కొత్త సాఫ్ట్‌వేర్లు టీకంట్రోల్, టీడై అని రెండు లైన్లు విడివిడిగా చూపిస్తాయి. టీడై, అంటే చిప్ అసలు వేడి, చూసుకోవాలి.

ఆల్బమ్_డిజైనర్_నపేట
అందరికీ థాంక్స్. 127 మీద భయం పోయింది. కానీ నా 71, 49 సంగతి ఏటి మరి? ఆ రెండూ కదులుతున్నాయి, రెండూ బతికున్న సెన్సర్లే అనుకుంటా. దేన్ని పట్టించుకోవాలి?

సర్వీస్_బెంచి
కోర్‌టెంప్‌ది చిప్ లోపలి మాట. 49 బోర్డు మీద, సాకెట్ దగ్గర ఉండే సెన్సర్ మాట అయి ఉంటుంది. పొయ్యి మీద కుతకుతలాడే అన్నం వేరు, ఆ పక్కన గట్టు మీద చెయ్యి పెడితే తెలిసే వేడి వేరు. రెండూ నిజమే. ప్రాసెసర్ బాగోగులకి లోపలిదే చూడాలి.

ఇంకో మాట. మూడూ ఒకేసారి తెరిచానన్నావు. అలా చేయకు. ఆ సూపర్ ఐఓ చిప్‌ని చదవాలంటే ముందు "ఫలానా గది కావాలి" అని చెప్పి, తర్వాత అందులో ఉన్నది తీసుకోవాలి. ఒక సాఫ్ట్‌వేర్ గది చెప్పి తీసుకునేలోపు రెండోది వచ్చి వేరే గది చెబితే, మొదటిదానికి ఎవరిదో అంకె చేతికొస్తుంది. ఒకే బావిలో ఇద్దరు ఒకేసారి చేద వేస్తే తాళ్లు చిక్కుపడినట్టే. ఉన్నట్టుండి ఒక్క క్షణం 0, మరుక్షణం 200 అని కనిపించడానికి చాలాసార్లు ఇదే కారణం. మంచి సాఫ్ట్‌వేర్లు ఒకరినొకరు ఆగమని చెప్పుకునే ఏర్పాటు పెట్టుకున్నాయి కానీ పాతవాటికి అది తెలియదు. అన్నీ మూసేసి హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ ఒక్కటే పెట్టు, లేదా కోర్‌టెంప్ ఒక్కటే ఉంచు.

గంటస్తంభం_కుర్రోడు
ఇంటెల్ సైటులో ఐ5-4590కి 72.72 డిగ్రీలు అని ఉంది. అన్నది ఖాళీగానే 71. అంటే ఇప్పటికే చివర్లో ఉన్నట్టు కదా! హద్దు 100 అని మాస్టారు ఎలా అన్నారు?

ఎలక్ట్రానిక్స్_మాస్టారు
మంచి చోట పట్టుకున్నావు నాన్నా. ఆ 72.72 టీకేస్. ప్రాసెసర్ పైనున్న లోహపు మూత నడిమధ్యలో కొలిచే వేడికి పెట్టిన హద్దు. దాన్ని కొలవాలంటే ప్రయోగశాలలో మూతకి సన్నటి గాడి తీసి థర్మోకపుల్ అనే వేడి కొలిచే తీగ పెడతారు. మన ఇళ్లలో ఉన్న చిప్‌లకి అక్కడ సెన్సరే లేదు, కాబట్టి ఏ సాఫ్ట్‌వేరూ ఆ అంకె చూపించలేదు. 72.72ని కోర్ టెంపరేచర్‌తో పోల్చి భయపడినవాళ్లు, కొత్త కూలర్ కొన్నవాళ్లు ఎంతోమంది. కోర్ హద్దు 100. అక్కడికి చేరితే చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఇంకా పైకి పోతే కరెంటు కట్ చేసుకుంటుంది.

అయితే ఖాళీగా 71 అన్నది మంచి లక్షణం కాదు. ఈ తరం చిప్ మామూలు కూలర్‌తో ఏ పనీ లేనప్పుడు గదికన్నా పది, పదిహేను డిగ్రీలు పైన ఉంటే సరిపోతుంది. గది ఎంత ఉంది బాబూ?

ఆల్బమ్_డిజైనర్_నపేట
మాది రేకుల షెడ్డు, ఏసీ లేదు. గోడ థర్మామీటర్ 35 చూపిస్తోంది.

ఎలక్ట్రానిక్స్_మాస్టారు
గదికన్నా 36 పైన. సెన్సర్ ఐదు డిగ్రీలు తప్పు చెప్పినా ఇది ఎక్కువే. ఇప్పుడు ఎక్స్‌పోర్ట్ పెట్టి, టెంపరేచర్‌తో పాటు ప్రాసెసర్ వేగం కూడా చూడండి. ఈ చిప్ అసలు వేగం 3.3 గిగాహెర్ట్జ్. పని నడుస్తుండగా అంతకన్నా కిందకి పడిపోతుంటే, కోర్ 100 దగ్గర ఆగిపోయి ఉంటే, ఇక సాఫ్ట్‌వేర్ గురించి అనుమానం అక్కర్లేదు. చిప్ తన చేతలతో చెబుతున్నట్టు లెక్క.

పొందూరు_నేత
గది వేడి మాట వచ్చింది కాబట్టి నాదీ చెప్తాను. ఒకే కంప్యూటర్, ఒకే పని. పొద్దున ఆరింటికి 41, మధ్యాహ్నం రెండింటికి 50. నేను ఏదో చెడిపోయిందని అనుకున్నాను. గదిలో థర్మామీటర్ పెట్టి రాసుకుంటే పొద్దున 28, మధ్యాహ్నం 36. రెండు పూటలా తేడా 13, 14. కంప్యూటర్ మారలేదు, గది మారింది. అప్పటి నుంచి నేను ఉట్టి టెంపరేచర్ రాయను, గదితో తేడా రాస్తాను. చలిదేశాల వాళ్లు "నాది 30" అని పెట్టే ఫోటోలతో మనం పోల్చుకోకూడదు. వాళ్ల గదే 20 ఉంటుంది.

ఇంకోటి. మా ఇంట్లో నూలు వడుకుతారు. దూది నుసి గాల్లో తేలుతూనే ఉంటుంది. ఒకసారి టెంపరేచర్ 85 దాటింది. ఫ్యాన్ విప్పితే కింద హీట్‌సింక్ రెక్కల మధ్య దుప్పటి పరిచినట్టు దూది. ఫ్యాన్ చుట్టూ శుభ్రంగానే ఉంది, పైనుంచి చూస్తే ఏమీ కనబడదు. ఫ్యాన్ తీసి చూడాలి.

రాజాం_అక్క
పొందూరు తమ్ముడు రాసుకునే పద్ధతి బాగుంది. రేపటి నుంచి నేనూ థర్మామీటర్ పెడతాను.

ఆమదాలవలస_ప్యాసింజర్
విండోస్ రాకముందు తెరిచే సెట్టింగ్స్ తెర, అదే బయోస్‌లోకి వెళ్తే విండోస్‌లో కన్నా ఎక్కువ చూపిస్తుంది నాకు. బయోస్‌లో ఏ పనీ లేదు కదా, తక్కువ ఉండాలి కదా?

సర్వీస్_బెంచి
బయోస్‌లో ప్రాసెసర్ నిద్రపోదు. విండోస్‌లో పని లేనప్పుడు కోర్లు వేగం, వోల్టేజీ తగ్గించుకుని పడుకుంటాయి. బయోస్‌లో ఆ ఏర్పాటు చాలా బోర్డుల్లో ఉండదు, మేలుకునే ఉంటుంది. అందుకని పది డిగ్రీలు ఎక్కువ ఉన్నా అది తప్పు కాదు.

కళింగపట్నం_గాలి
మాస్టారు చెప్పాక టెంపరేచర్ చూసే సాఫ్ట్‌వేర్ ఒకటి దించుకుందామని చూస్తే, విండోస్‌లో వైరస్‌లని ఆపే డిఫెండర్ ప్రమాదకరం అని ఆపేసింది. వైరసా?

లినక్స్_బొబ్బిలి
కొన్ని సాఫ్ట్‌వేర్లు చిప్ లోపలికి వెళ్లడానికి విన్‌రింగ్0 అనే పాత డ్రైవర్ వాడతాయి. అది వైరస్ కాదు. కానీ దాన్ని పట్టుకుని ఏ ప్రోగ్రాం అయినా సిస్టం లోతుల్లోకి వెళ్లగల లోపం ఉంది. 2020 నుంచే తెలిసిన లోపం. 2025 మార్చి నుంచి డిఫెండర్ దాన్ని పట్టుకోవడం మొదలుపెట్టింది. బలవంతంగా అనుమతించకు. ఆ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వేరే డ్రైవర్‌తో వచ్చిందేమో చూడు, లేకపోతే వేరే సాఫ్ట్‌వేర్ వాడు. తయారుచేసినవాళ్ల సొంత సైటు నుంచే దించు. ప్రకటనల మధ్య ఆకుపచ్చ బటన్లు పెట్టే సైట్ల జోలికి పోవద్దు.

గ్రాఫిక్స్ కార్డుది చూడాలంటే ఏదీ దించక్కర్లేదు. విండోస్ 10లో 2004 అనే నంబరు వెర్షన్ నుంచి టాస్క్ మేనేజర్‌లోనే కనిపిస్తుంది, విడిగా పెట్టిన కార్డు అయితే. ప్రాసెసర్‌ది మాత్రం అందులో చూపించరు.

ఆల్బమ్_డిజైనర్_నపేట
మాస్టారు చెప్పినట్టు చూశాను. ఎక్స్‌పోర్ట్ పెట్టిన రెండు నిమిషాలకే 99, 100. వేగం 3.3 నుంచి 2.4కి, ఒక్కోసారి 1.9కి పడిపోయింది. ఆపగానే అర నిమిషంలో 75కి దిగింది.

ఎలక్ట్రానిక్స్_మాస్టారు
మీ కోర్‌టెంప్ నిజమే చెబుతోంది. 49 చూసి సరేలే అనుకుని ఉంటే ఇది బయటపడేది కాదు, 127 చూసి మంచి బోర్డు పారేసేవారు. కూలర్ దగ్గరే తేడా ఉంది. విప్పండి.

సర్వీస్_బెంచి
ఇంటెల్‌తో వచ్చిన గుండ్రటి కూలర్ అయితే నాలుగు మూలలా తోసి బిగించే ప్లాస్టిక్ కాళ్లు ఉంటాయి. ఒక కాలు ఊడినా ఆ వైపు ఎత్తుగా లేచి, మూతకి ఆనదు. సెకండ్‌హ్యాండ్ మిషన్లు లారీలో, బస్సు డిక్కీలో వస్తాయి, కుదుపులకి ఊడతాయి. బోర్డు వెనకవైపు నుంచి చూడు, నాలుగు కాళ్లూ పూర్తిగా దిగి నల్ల పిన్ను కనిపించాలి. కూలర్ తీశాక పాత పేస్టు గుడ్డతో, స్పిరిట్‌తో తుడిచి, కొత్త పేస్టు బఠాణీ గింజంత పెట్టు. ఎక్కువ రాస్తే చల్లగా ఉంటుందనుకుని వెన్నపూసలా పులిమేస్తారు, వద్దు.

గంటస్తంభం_కుర్రోడు
అన్నా, ఆపేయమని కంగారు పెట్టాను, సారీ. పేస్టు లేకపోతే చెప్పు, శనివారం శ్రీకాకుళం వస్తున్నాను, నా దగ్గర సగం ట్యూబు ఉంది.

ఆల్బమ్_డిజైనర్_నపేట
తమ్ముడూ, థాంక్స్, ఇక్కడే దొరికింది.

విప్పాను. నాలుగు కాళ్లలో ఒకటి బోర్డులోకి దిగనే లేదు, ఊరికే ఆని ఉంది. పేస్టు ఎండిన సున్నంలా పొడిపొడిగా రాలింది. దుమ్ము కూడా బాగానే ఉంది. అంతా తుడిచి, కొత్త పేస్టు పెట్టి, బోర్డు బయటికి తీసి వెనక నుంచి నాలుగు కాళ్లూ చూసుకుని బిగించాను. గదిలో అదే 35. ఖాళీగా 47. ఎక్స్‌పోర్ట్ పెట్టి అరగంట చూశాను, 79 దాటలేదు, వేగం 3.3 కిందకి రాలేదు. బోర్డు సాఫ్ట్‌వేర్ మాత్రం అప్పుడు 49, ఇప్పుడు 44. దాన్నే చూస్తూ కూర్చుని ఉంటే నాకు ఏమీ తెలిసేది కాదు.

మెకానిక్‌కి ఫోన్ చేసి అన్నీ చెప్పాను. అతనికీ తెలియదట, సెన్సర్ లేని ఇన్‌పుట్ అలా చూపిస్తుందని. ఇంకో ఇద్దరికి ఇలాగే బోర్డు మార్చమని చెప్పి ఉన్నాడు, వాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లి చూస్తానన్నాడు.

రాజాం_అక్క
ఇది చదివితే చాలా సంతోషంగా ఉంది తమ్ముడూ. ఆ ఇద్దరి డబ్బూ మిగిలితే ఇంకా సంతోషం.

కళింగపట్నం_గాలి
నాదీ విప్పాను. మాస్టారు అన్నట్టే పేస్టు ఎండిపోయింది. మార్చాక 68 కాస్తా 49 అయింది. గన్ టేపు మీద 42 చూపిస్తోంది, ఇదివరకు మెరిసే చోట 39 వచ్చేది.

ఎలక్ట్రానిక్స్_మాస్టారు
శుభం. ఇప్పుడు వేడి సరిగ్గా పైకి వస్తోంది.

ఆల్బమ్_డిజైనర్_నపేట
ఒక్క చిన్న సంగతి. ఆ పాత సాఫ్ట్‌వేర్లో 127, మంట బొమ్మ ఇంకా అలాగే ఉన్నాయి. స్టూడియోకి వచ్చినవాళ్లు చూసి ఏటిది అని అడుగుతున్నారు. తీసేయొచ్చా?

సర్వీస్_బెంచి
సెట్టింగ్స్‌లో ఆ ఇన్‌పుట్ పక్కన టిక్ ఉంటుంది, తీసేయ్. లేదా ఆ సాఫ్ట్‌వేరే తీసేయ్, నీకు దానితో పని లేదు.

ఆల్బమ్_డిజైనర్_నపేట
సాఫ్ట్‌వేరే తీసేశాను. ఎక్స్‌పోర్ట్ 38 నిమిషాల్లో అయింది. మొదటి ఆల్బమ్ ఇవాళ సాయంత్రం ప్రింటుకి వెళ్తోంది.